విదేశీ స్పేర్లు తెప్పించే ముందు: పెట్టె కొలత, కస్టమ్స్ లెక్క

షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. బండ్లు మాత్రం ఆగలేదు. తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద క్రూజ్‌లు, ఎండీవర్లు, పాత పజేరోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, పాత ఆర్‌డీ 350 బైకును ప్రాణంగా చూసుకునేవాళ్లూ ఉన్నారు. షెడ్డులో మెకానిక్ "ఇది ఇక్కడ దొరకదు సార్" అన్నాక చాలామంది ఫోన్లో విదేశీ సైట్లు వెతకడం మొదలుపెడతారు. పార్ట్ ధర చూసి సంబరపడి, షిప్పింగ్ చూసి నిట్టూర్చి, చివరికి కస్టమ్స్ బిల్లు వచ్చాక తల పట్టుకుంటారు. ఈ మూడు అంకెల్నీ ఆర్డర్ పెట్టకముందే కాగితం మీద వేసుకోవచ్చు.

మొదట చూడాల్సింది విదేశం కాదు, చెన్నై. తిరుపతి నుంచి మూడు గంటల దారి. జనరల్ ప్యాటర్స్ రోడ్‌లో కొత్త స్పేర్లు, పుదుపేటలో విప్పిన బండ్ల సామాన్లు దొరుకుతాయి. చిత్తూరు వాళ్లకు బెంగళూరు జేసీ రోడ్ కూడా అంతే దగ్గర. పార్ట్ ఫొటో, నంబరు వాట్సాప్‌లో పంపి నాలుగు షాపుల్లో అడిగాకే విదేశాల వైపు చూడండి. ఇసుజు వీ-క్రాస్ లాంటివైతే ఆ అవసరమే తక్కువ, ఆ బండి తయారయ్యేదే మన శ్రీసిటీలో.

నంబరు దగ్గర తప్పితే డబ్బంతా తప్పినట్టే

బండి పేరు చెప్పి పార్ట్ కొనకండి. మన ఎండీవర్ థాయ్‌లాండ్, ఆస్ట్రేలియాల్లో ఎవరెస్ట్. మన పజేరో కొన్ని దేశాల్లో మాంటెరో. పేరు ఒకటే అయినా ఇంజిన్ వేరుగా ఉండొచ్చు, పేరు వేరైనా పార్ట్ ఒకటే కావొచ్చు. ఛాసిస్ నంబరు మొత్తం 17 అక్షరాలూ అమ్మేవాడికి పంపి "ఈ నంబరుకు ఈ పార్ట్ సరిపోతుందా" అని రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పాత పార్ట్ మీద అచ్చువేసిన నంబరుంటే అదీ పంపండి. కంపెనీలు పాత నంబరును తీసేసి దాని బదులు కొత్త నంబరు ఇస్తుంటాయి. అప్పుడు పాత నంబరుతో వెతికితే "దొరకదు" అని చూపిస్తుంది, కొత్త నంబరుతో వెతికితే అదే సామాను దొరుకుతుంది.

ఇంకో చిక్కు స్టీరింగ్ వైపు. అమెరికా, దుబాయ్ సైట్లలో ఉండేవి ఎక్కువగా ఎడమ స్టీరింగ్ బండ్ల పార్ట్‌లు. పిస్టన్ రింగులు, బేరింగులు, బ్రేక్ ప్యాడ్లు ఎక్కడివైనా ఫరవాలేదు. స్టీరింగ్ ర్యాక్, డ్యాష్‌బోర్డ్, వైపర్ లింకేజీ, హెడ్‌లైట్లు మాత్రం అక్కడివి ఇక్కడ పనికిరావు. హెడ్‌లైట్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది, బోల్టులూ పడతాయి. కానీ కుడివైపు నడిచే దేశానికి చేసిన లైటు డిప్‌లో కూడా కాంతిని కుడివైపుకు లేపి కొడుతుంది. మన రోడ్డు మీద అది సూటిగా ఎదురు బండి డ్రైవర్ కళ్లలో పడుతుంది. రాత్రిపూట మొగిలి ఘాట్‌లో దాని ఫలితం చెప్పక్కర్లేదు. ఇలాంటి సామాన్లకు జపాన్, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ అమ్మకందార్లనే చూసుకోండి, అవన్నీ మనలాగే ఎడమవైపు నడిచే దేశాలు.

షిప్పింగ్ చార్జీ పార్ట్‌ది కాదు, పెట్టెది

డీహెచ్ఎల్, ఫెడెక్స్, యూపీఎస్ లాంటి ఎక్స్‌ప్రెస్ కొరియర్లు తూకం ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె పెట్టె 'పరిమాణ బరువు', కిలోల్లో. అసలు తూకం, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి.

బ్రేక్ ప్యాడ్ల సెట్టు తీసుకుందాం. పెట్టె 20×15×10. గుణిస్తే 3000, భాగిస్తే 0.6 కిలో. అసలు బరువు 2 కిలోలు. కాబట్టి 2 కిలోలకే బిల్లు. ఇది మంచి బేరం.

హెడ్‌లైట్ అయితే? అసలు బరువు 5 కిలోలు ఉంటుందనుకోండి. పెట్టె 70×45×35 అయితే 1,10,250. 5000తో భాగిస్తే 22.05. అర కిలోకు పైకి సర్దుతారు గనుక 22.5 కిలోలకు బిల్లు పడుతుంది. అదే లైటును కాస్త బిగుతుగా 65×40×30 పెట్టెలో సర్దగలిగితే 15.6, అంటే 16 కిలోలు. ప్రతి వైపూ ఐదు సెంటీమీటర్లు తగ్గించినందుకు ఆరున్నర కిలోల చార్జీ మిగిలింది. అందుకే అమ్మేవాణ్ణి "షిప్పింగ్ ఎంత" అని కాకుండా "ప్యాక్ చేశాక పెట్టె కొలతలు ఎంత, తూకం ఎంత" అని అడగాలి. కొలతలు చెప్పని అమ్మకందారు చెప్పే షిప్పింగ్ ధర ఊహే. సామాను బయల్దేరేటప్పుడు కొరియర్ కంపెనీ మళ్లీ కొలుస్తుంది, తేడా మీ దగ్గరే వసూలవుతుంది.

బంపర్ గురించి చెప్పాలంటే ఒక్క లెక్క చాలు. 180×50×40 పెట్టె 72 కిలోల కింద లెక్కకొస్తుంది. లోపలున్నది ఆరేడు కిలోల ప్లాస్టిక్. పైగా పొడవు మీటరు, మీటరున్నర దాటిన పెట్టెలకు కొరియర్లు విడిగా అదనపు రుసుము వేస్తాయి. బంపర్, బానెట్, ఫెండర్, ఎగ్జాస్ట్ పైపు మొత్తం సెట్టు లాంటివి ఎక్స్‌ప్రెస్‌లో తెప్పించడం దండగ. చిన్న పెట్టెలో పట్టేవి, అంటే సెన్సార్లు, వాల్వులు, ఇంజెక్టర్లు, గ్యాస్కెట్ సెట్లు, క్లచ్ ప్లేట్లు, పిస్టన్ కిట్లు, ఇవే విదేశాల నుంచి తెప్పించుకోదగ్గ సామాన్లు.

ఇక కొరియర్ బిల్లులో దూరం, తూకం కాక ఇంకో రెండు వరుసలుంటాయి. ఒకటి ఇంధన సర్‌చార్జి. శాతంలో ఉంటుంది, తరచూ మారుతుంది, మొదట చూపిన రేటులో కలపకపోవచ్చు. రెండోది మారుమూల ప్రాంతం చార్జి. తిరుపతి 517501, చిత్తూరు 517001 పిన్‌లకు లేకపోయినా మీ ఊరి పిన్‌కు ఉండొచ్చు. కొరియర్ సైట్‌లో పిన్ కొట్టి చూసుకోండి. పడితే తిరుపతిలో ఉన్న బంధువు ఇంటికి తెప్పించుకోవచ్చు. కానీ ఆ బంధువు చిరునామాకు ఆధారపత్రం అడుగుతారు, ముందే సిద్ధంగా పెట్టుకోండి.

రెండు మూడు పార్ట్‌లు కావాలంటే ఒకే పెట్టెలో తెప్పించండి. మొదటి అర కిలోకు పడే ధర ఎక్కువ, తర్వాతి అర కిలోలకు తక్కువ. మూడు పెట్టెలుగా వస్తే ఆ మొదటి ధర మూడుసార్లు కడతారు, పైగా కస్టమ్స్ క్లియరెన్స్ రుసుము కూడా మూడుసార్లు.

తపాలా, కొరియర్, ఓడ

తపాలా మార్గాన్ని చాలామంది మర్చిపోతారు. జపాన్ పోస్ట్ వారి ఈఎంఎస్ అనే అంతర్జాతీయ స్పీడ్‌పోస్టులో చార్జీ అసలు తూకానికే, పెట్టె పరిమాణానికి కాదు. కాబట్టి తేలికగా ఉండి చోటు ఎక్కువ తినే సామానుకు, ఉదాహరణకు ఎయిర్ ఫిల్టర్ బాక్సుకో, మీటర్ కన్సోల్‌కో, అది కొరియర్ కంటే బాగా చవక. ఇబ్బంది ఏమిటంటే కస్టమ్స్ దగ్గర ఎన్ని రోజులు ఆగుతుందో చెప్పలేం. విదేశీ తపాలా కార్యాలయంలో మదింపు అయ్యాక సుంకం ఎంతో రాసి పంపుతారు, పోస్టుమాన్ పార్శిల్ ఇచ్చేటప్పుడు ఆ మొత్తం కట్టించుకుంటాడు. పెట్టె మీద సామాను వివరం సరిగ్గా లేకపోతే ఇన్వాయిస్ అడుగుతూ ఉత్తరం వస్తుంది. దాన్ని పక్కన పడేస్తే పార్శిల్ వెనక్కి పోతుంది.

ఓడలో తెప్పిస్తే చవక అన్నది సగం నిజం. కంటైనర్‌లో మిగతావాళ్ల సరుకుతో కలిపి పంపే పద్ధతిలో చార్జీ ఘనపు మీటర్లలో ఉంటుంది. సాధారణంగా కనీసం ఒక ఘనపు మీటరుకు కట్టాలి. విదేశీ ఏజెంటు చెప్పే ధర చెన్నై రేవు దాకానే. ఆ తర్వాత డెలివరీ ఆర్డర్ రుసుము, రేవులో దించే చార్జీ, గోదాము చార్జీ, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, చెన్నై నుంచి ఇక్కడికి లారీ బాడుగ వరుసగా వచ్చి పడతాయి. ఇవన్నీ కలిపితే మొదటి ధరను దాటిపోవడం మామూలే. నలుగురు కలిసి బాడీ ప్యానెళ్లు తెప్పించుకుంటే అర్థముంది. ఒక్క ఫెండర్ కోసం ఓడ వద్దు.

కస్టమ్స్ లెక్క

సుంకం పార్ట్ ధర మీద ఒక్కటే పడదు. పార్ట్ ధర, రవాణా, బీమా మూడూ కలిపిన విలువ మీద పడుతుంది. ఇక్కడ కొనేవాళ్లకు మేలుచేసే నిబంధన ఒకటుంది, తెలిసినవాళ్లు తక్కువ. 2007 కస్టమ్స్ విలువ నిర్ధారణ నియమాల్లో పదో నియమం ప్రకారం, విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా సరే, సరుకు విలువలో 20 శాతానికి మించి కలపకూడదు. బీమా ఎంతో తెలియకపోతే 1.125 శాతం కలుపుతారు.

ఉదాహరణకు పార్ట్ ధర ₹20,000, విమాన కొరియర్ ₹9,000. కలపాల్సిన రవాణా 9,000 కాదు, 20 శాతమైన 4,000. బీమా 225. మొత్తం విలువ ₹24,225.

కస్టమ్స్ సుంకాల పట్టికలో కారు విడిభాగాలు చాలావరకు 8708 శీర్షిక కింద వస్తాయి, మోటార్‌సైకిల్‌వి 8714 కింద. మూల సుంకం 15 శాతం అనుకుని వేస్తే ₹3,634. దాని మీద పది శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి ₹363. ఈ రెండూ విలువకు కలిపితే ₹28,222. దాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 18 శాతం, ₹5,080. ఆటో విడిభాగాలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. మూడూ కలిపి సుంకం ₹9,077. పూర్తి 9,000 రవాణా కలిపి లెక్కిస్తే ఇది దాదాపు ₹10,950 అయ్యేది. ఆ పద్దెనిమిది వందల పైచిలుకు తేడా కోసమైనా బిల్లులో రవాణా ఎంత కలిపారో చూడండి.

ఇలా చూడాలంటే ఇన్వాయిస్‌లో పార్ట్ ధర, షిప్పింగ్ విడివిడిగా ఉండాలి. 'ఉచిత షిప్పింగ్' అన్న చోట రవాణా పార్ట్ ధరలోనే కలిసిపోయి ఉంటుంది, అప్పుడు మొత్తం సొమ్మూ సరుకు విలువే అయిపోతుంది. ఉచితం అన్నది ఇక్కడ మనకు ఖరీదు.

ఏ శీర్షిక కింద వేశారన్నదీ ముఖ్యమే. సొంత వాడకానికి వచ్చే సరుకుకు 9804 అనే వేరే శీర్షిక ఉంది. ఒకప్పుడు దాని మీద మూల సుంకం 35 శాతం. బడ్జెట్‌లలో రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ పెట్టే రోజున కస్టమ్స్ శాఖ ఐస్‌గేట్ సైట్‌లోని సుంకం కాలిక్యులేటర్‌లో 8708 లేదా 8714, 9804 రెండూ వేసి చూసుకోండి. డాలరుకు, పౌండుకు రూపాయి ధర బ్యాంకుది కాదు, కస్టమ్స్ శాఖ ప్రకటించినదే లెక్క.

పై ఉదాహరణలో చేతికొచ్చే ధర ఎంతో చూద్దాం. పార్ట్, కొరియర్ కలిపి 29,000. సుంకం 9,077. కార్డు మీద విదేశీ మారకపు రుసుము 3.5 శాతం అనుకుంటే 1,015, దాని మీద జీఎస్టీ 183. ఇప్పటికే ₹39,275. సుంకాన్ని మన తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ కంపెనీ తీసుకునే రుసుము, దాని మీద జీఎస్టీ అదనం. ఇరవై వేల పార్ట్ నలభై వేలైంది. ఈ లెక్క వేశాక, అదే పార్ట్‌కు చెన్నై షాపువాడు ముప్పై రెండు వేలు చెప్పినా ఎక్కువని అనిపించదు.

డబ్బు కట్టేటప్పుడు సైట్ "రూపాయల్లో కడతారా" అని అడిగితే వద్దనండి. వాళ్ల మారకం రేటు మన బ్యాంకు రేటు కంటే దాదాపు ఎప్పుడూ దారుణం. డాలర్లలోనో యూరోల్లోనో కట్టి, మార్పిడి మన కార్డుకే వదిలేయండి. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో ముందు రోజే చూసుకోండి.

ఇంకో చోట డబ్బు మిగులుతుంది. బ్రిటన్ సైట్‌లో కనిపించే ధరలో 20 శాతం వ్యాట్ (అక్కడి అమ్మకం పన్ను) కలిసే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 21, జర్మనీలో 19. దేశం దాటే సరుకుకు ఆ పన్ను అక్కర్లేదు. 120 పౌండ్ల పార్ట్ పన్ను తీసేస్తే 100 పౌండ్లే. మన చిరునామా పెట్టగానే ధర దానంతట అదే తగ్గే సైట్లున్నాయి. తగ్గకపోతే రాసి అడగండి. చిన్న అమ్మకందార్లు కొందరు తగ్గించరు, అప్పుడు మరొకరిని చూసుకోవడమే.

తెప్పించకూడనివి, ఆగిపోయేవి

వాడిన పార్ట్‌లతో జాగ్రత్త. జపాన్ యార్డుల్లో సగం వాడిన ఇంజిన్లు, గేర్‌బాక్సులు చవగ్గా కనిపిస్తాయి. మన విదేశీ వాణిజ్య విధానంలో యంత్రసామగ్రి కాని సెకండ్ హ్యాండ్ సరుకు దిగుమతికి ముందస్తు అనుమతి కావాలి. అది లేకుండా వస్తే కస్టమ్స్ దగ్గర పట్టుబడుతుంది, జరిమానాతో ముగిస్తే అదృష్టమే. వాడిన సామానుకు పుదుపేటే మేలు.

టైర్లు, హెల్మెట్లు, విండ్‌షీల్డ్ అద్దాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నిబంధనలున్నాయి, వాటి జోలికి పోకండి. ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టు టెన్షనర్లు, లిథియం బ్యాటరీలు విమానయాన నిబంధనల్లో ప్రమాదకర సరుకు. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్లకు కూడా కొన్ని కొరియర్లు మొండికేస్తాయి, కొనేముందే అడగాలి. ఇంధనం వాసన వచ్చే కార్బురేటర్, ఫ్యూయల్ పంపు లాంటివి విమానం ఎక్కకముందే వెనక్కి పంపిస్తారు.

"గిఫ్ట్ అని రాయమంటాను, ధర పది డాలర్లు అని వేయమంటాను" అనుకునేవాళ్లు రెండు సంగతులు తెలుసుకోవాలి. విదేశీ బహుమతులకు ఉన్న ₹5,000 మినహాయింపును 2019 డిసెంబర్‌లో ఎత్తేశారు, రాఖీలు, ప్రాణరక్షక మందులకు తప్ప. ఇక విలువ తక్కువ చూపిస్తే, అదే పార్ట్ ధర సైట్‌లో చూసుకుని అధికారి విలువను తిరస్కరించగలడు, సరుకును జప్తు చేయగలడు. పైగా దారిలో పెట్టె పోతే బీమా వచ్చేది ఆ పది డాలర్లకే.

అమ్మేవాడికి రాసే సందేశంలో ఏముండాలి

ఛాసిస్ నంబరు, పార్ట్ నంబరు. ప్యాక్ చేశాక కొలతలు, తూకం. ఏ కొరియర్, ట్రాకింగ్ ఉందా. సుంకం ఎవరు కడతారు: డీడీపీ అంటే వాళ్లే కలుపుకున్నారు, డీఏపీ అంటే మనమే కట్టాలి. ఇన్వాయిస్‌లో పార్ట్ పేరు, 'కొత్తది' అన్న మాట, ఏ దేశంలో తయారైంది, హెచ్ఎస్ కోడ్ (పైన చెప్పిన శీర్షిక సంఖ్య), పార్ట్ ధర, షిప్పింగ్ విడివిడిగా రాయమనండి. 'ఆటో పార్ట్స్' అని మాత్రమే రాసిన ఇన్వాయిస్ కస్టమ్స్ దగ్గర ప్రశ్నలకు మూలం. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. సైట్‌లో 'చిన్నా' అని, ఆధార్‌లో 'వెంకట సుబ్రహ్మణ్యం' అని ఉంటే కేవైసీ దగ్గర పెట్టె ఆగుతుంది. ఆగిన రోజులు ఎక్కువైతే నిల్వ చార్జీ పడుతుంది.

సరుకు దేశంలోకి వచ్చాక కొరియర్ కంపెనీ కేవైసీ లింకు పంపుతుంది. సుంకం కట్టమని మెసేజ్ రాగానే నొక్కేయకండి. ట్రాకింగ్ నంబరును కంపెనీ సైట్‌లో మీరే కొట్టి అక్కడ చూపిన మొత్తమే కట్టండి. కస్టమ్స్ అధికారినంటూ ఫోన్ చేసి యూపీఐకి డబ్బు పంపమంటే అది మోసమే. కస్టమ్స్ శాఖ పంపే రాతకోతల మీద ఒక గుర్తింపు సంఖ్య, డీఐఎన్ ఉంటుంది, దాన్ని శాఖ సైట్‌లో సరిచూసుకోవచ్చు.

కట్టాక బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్ దిగుమతి పత్రం, కాపీ అడిగి తీసుకోండి. అందులో శీర్షిక, విలువ, కలిపిన రవాణా మూడూ చూడండి. పెట్టెను వీడియో తీస్తూ విప్పండి, మొదట ఆరు వైపులా బయటి అట్ట, తర్వాత లోపలి కవర్ మీది పార్ట్ నంబరు, తర్వాత పార్ట్. దెబ్బ తగిలినట్టు ఉంటే డెలివరీ చీటీ మీద ఆ మాట రాసే సంతకం పెట్టండి.

తప్పు పార్ట్ వస్తే అమ్మేవాడు డబ్బు తిరిగిచ్చినా, వెనక్కి పంపే కొరియర్ ఖర్చు మీదే కావచ్చు. కట్టిన సుంకం వెనక్కి రాబట్టే దారి చట్టంలో ఉంది కానీ పది వేల పార్ట్ కోసం ఆ కాగితాల వెంట తిరగడం గిట్టుబాటు కాదు. ఎక్కువమంది దాన్ని ఇక్కడే ఇంకెవరికైనా అమ్ముకుంటారు.

షెడ్డు నడిపేవాళ్ల సంగతి వేరు. ఒకే పార్ట్ పది పదిహేను తెప్పిస్తే సొంత వాడకం అంటే ఎవరూ నమ్మరు. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) సైట్‌లో ₹500 కట్టి ఐఈసీ అనే దిగుమతి-ఎగుమతి నంబరు తీసుకోండి. జీఎస్టీ నమోదు ఉంటే కట్టిన ఐజీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. పై ఉదాహరణలోని ₹9,077లో ₹5,080 అలా వెనక్కొస్తుంది. ఖాతాదారుకు చెప్పే ధరలో ఆ తేడా కనిపిస్తుంది.